గాజుల మీద నల్ల చార

పాపాయి పాలసీసా రబ్బరు పీక మరుగుతుంటే, ఆ వాసనకు నాకు చిలకలపూడి రోల్డుగోల్డు కంపెనీ, దాని మేనేజరు కరీముల్లా గారు గుర్తొస్తారు. డిగ్రీ అయ్యాక, పెళ్ళికి ముందు, నేనక్కడ గుమాస్తాని. ఒకరోజు అవనిగడ్డ కొట్టు నుంచి గాజులు నల్లబడి తిరిగొచ్చాయి. యజమాని మండిపడ్డారు. "పూత వేసేది సత్యమేగా! బంగారం మింగేశాడు. ఇవాళే పంపేయండి." సత్యం భార్యకు నెలలు నిండాయి. దొంగ అన్న మాట పుడితే ఊళ్ళో మరే కంపెనీ అతన్ని గడప తొక్కనివ్వదు.

"పెళ్ళికొడుకును చూడకుండానే సంబంధం చెడగొడతామా? కాస్త ఆగండి," అన్నారు కరీముల్లా గారు. కట్టలు విప్పకుండానే గాజుల్ని బీరువాలో పెట్టి, తాళం యజమాని చేతికే ఇచ్చారు. "మీ దగ్గరే ఉంచండి. నేను మార్చానని రేపెవరూ అనకూడదు." తర్వాత నాతో, "అమ్మాయ్, ఈ సంగతి టీకొట్టు దాకా వెళ్ళకూడదు," అన్నారు.

"మరి దొంగను ఎట్లా పట్టుకుంటామండీ?"

"దొంగ ఉన్నాడని నీకెవరు చెప్పారు?"

మర్నాడు యజమాని ఎదుటే బీరువా తీయించి, కిటికీ దగ్గర ఒక్కో గాజూ తిప్పి చూశారు. నేనూ ఆత్రం ఆగక తొంగిచూశాను. నలుపు గాజంతా లేదు. ప్రతిదాని మీదా అడ్డంగా సన్నటి చార, సరిగ్గా కట్టకు వేసిన రబ్బరుబ్యాండు కింద. అయినా ఆయన తేల్చేయలేదు. ప్యాకింగు మంగమ్మను పిలిచి, "కట్ట ఎట్లా కడతావో చూపించమ్మా," అన్నారు.

"ఇదిగోనండీ. దారంతో ముళ్ళేసేసరికి వేళ్ళు పడిపోతున్నాయంటే అయ్యగారే ఇయ్యి తెప్పించారుగా!"

యజమాని ఫ్యాను వంక చూశారు.

కరీముల్లా గారు ఒకే పూత గాజుల్ని దారంతో ఒక కట్ట, బ్యాండుతో ఒక కట్ట కట్టించి కొన్ని రోజులు బీరువాలో ఉంచారు. బ్యాండు కట్టకే చార పడ్డాక గాని, "తప్పు పూతది కాదు, రబ్బరుది," అని ఆయన నోరు విప్పలేదు. తనను అనుమానించారని సత్యానికి ఎప్పటికీ తెలియలేదు. కొడుకు పుట్టాడని అతను లడ్డూలు పంచితే, యజమాని రెండు తీసుకున్నారు.

ఈ సాయంత్రం పాపాయి నడుం మీద ఎర్రటి వాత కనబడింది. ఆయా నాగమ్మ మీద అరవబోయి, ఆగాను. గౌను విప్పి చూశాను. వాత నడుం చుట్టూ ఉంది. మొలతాడు బిగుసుకుపోయింది.

"ఏంటమ్మా, పాపని అట్టా తిప్పి తిప్పి చూస్తున్నారు?" అంది నాగమ్మ.

"ఎంత పెరిగిందో చూస్తున్నా," అని ముడి వదులు చేశాను.