పక్క తలుపుకు ఆనించిన చెరుకు

బోధన్ దగ్గర మా ఊరి చర్చికి రెండు తలుపులు. ముందుది అందరిది. పక్కది ఆడవాళ్లం కూర్చునే వైపు, చాపల చివర. కోత పండుగ ఆదివారం మాత్రం ఆ పక్క తలుపు కనిపించేది కాదు. ఎవరి పొలంలో పండింది వాళ్లు దేవునికి తెచ్చేవాళ్లు. వడ్లు, గుమ్మడికాయలు, కూరాకులు ముందర బల్ల దగ్గర పెట్టి, ఆరాధన అయ్యాక హర్రాజు వేసేవాళ్లు. చెరుకు మోపులు పొడుగ్గా ఉంటాయని, ఎండాకులతో సహా పక్క తలుపుకు ఆనించేవాళ్లు. ఎవరి మోపు ఎత్తుగా ఉంటే వాళ్లకు అంత పేరు.

ఆ ఏడు అన్నిటికంటే ఎత్తు మోపు మాదే. మా ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకు పాట నోట్లోంచి రాలేదు.

కిందటి క్రిస్మస్‌కు కరెంటు తీగ నుంచి నిప్పురవ్వలు రాలి కాగితపు నక్షత్రం అంటుకుంది. మంట చిన్నదే, ఎవరో దుప్పటి వేసి ఆర్పారు. కానీ పక్క తలుపు గడియ తుప్పు పట్టి కదలలేదు. అందరూ ముందు తలుపు మీద పడ్డారు. ఆ తోపులాటలో మా అత్త తుంటి విరిగింది. అప్పటి నుంచి ఆమెను ఎత్తుకొని తేవాలి, ఎత్తుకొని పోవాలి. తర్వాత గడియకు నూనె వేశారు. అంతటితో పని అయిపోయిందనుకున్నారు.

ఇప్పుడు అత్త గోడకు ఆనుకొని మోపుల పక్కనే కూర్చుంది. బల్ల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఫ్యాను గాలికి చెరుకాకు గలగలమంటోంది. పైన అదే తీగ, అతుకు మీద అతుకు. తీగను చూస్తాను, ఆకును చూస్తాను, అత్త కాళ్లను చూస్తాను. వాక్యం ఒక్క ముక్క చెవిన పడితే ఒట్టు.

"కుదురుగ కూసో పిల్లా, సీమలు కుట్టినట్టు జేస్తున్నవ్," అంది అత్త.

పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను లేచి మా మోపు పట్టి లాగాను. అది మిగతా వాటిని తోసుకుంటూ దబ్బున పడింది. ప్రార్థన ఆగింది.

సంఘ పెద్ద లేచాడు. "ఏందమ్మా గిది? దేవుని ముంగట పెట్టింది గుంజుతున్నవ్?"

"తలుపుకు అడ్డమున్నయ్ అన్నా. మల్ల మంట లేస్తే మా అత్త ఎట్ల బయటవడాలె?"

"దేవుని ఇంట్ల ఉన్నం. ఆయననే కాపాడ్తడు."

"కాపాడ్తడు గని, మోపులు గూడ ఆయననే జరపమంటవా?" అంది అత్త, కూర్చున్న చోటి నుంచే.

ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఇద్దరు లేచి నాతో పాటు మోపులు బయటి గోడకు చేర్చారు. మా ఆయన తల ఎత్తలేదు. తలుపు బార్లా తీశాను. కాసేపటికి అందులోంచి ఒక మేక వచ్చి మెంతికూర కట్ట నమిలింది.

"ఇగో, నీ తలుపు!" అంటూ సంఘ పెద్దే దాన్ని తరిమాడు.

ఆ రోజు ఏ మంటా లేవలేదు. బయటున్న మా మోపును ఎవరూ చూడలేదని మా ఆయన అలిగి అన్నం తినకుండానే పడుకున్నాడు.

అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా వచ్చాయి, పిల్లల పెళ్లిళ్లయ్యాక. పలక మీద కాకుండా నేను మొదట రాసింది ఆ తలుపు మీదే, సుద్దతో: 'ఇక్కడ ఏమీ పెట్టొద్దు.' ఆ ఏటి కోత పండుగకు వెళ్లి చూస్తే, నా అక్షరాల మీదే చెరుకు ఆనించి ఉంది. మా అత్త అప్పటికి లేదు. ఆ గోడ పక్కన ఇంకెవరి అత్తో కాళ్లు చాపుకొని కూర్చుంది.

కొంగు నడుముకు చెక్కుకొని మొదటి మోపు పట్టుకున్నాను. ఈసారి ప్రార్థన మొదలుకాక ముందే.