నాగవేణి అంగడికి నా చేతి బోణీ

అందరూ బాగున్నారా? కౌతాళం వదినా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పెద్దకడుబూరు చిన్నమ్మా, కంటిలో చుక్కలు మానకుండా వేసుకుంటున్నావా? పిల్లలకు జ్వరాలేమీ లేవు కదా? నాకు బీపీ ఎప్పుడూ ఉండేదే.

మా మనవరాలు నాగవేణి రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయి విశ్వవిద్యాలయంలో చదువుకుంటోంది. అక్కడ పిల్లల చేతనే చిన్న వ్యాపారాలు పెట్టించి, నెలకొకసారి సంత జరుపుతారు. మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో ఇది సంచులు కుట్టింది. బోణీ నా చేత్తోనే జరగాలని పట్టుబట్టి తెల్లవారుజామునే వెళ్ళిపోయింది. మా ఆయన పోయినప్పటి నుంచి నేను ఎవరి అంగడిలోనూ మొదటి బేరం చేయను. ఎవరూ అనకముందే పక్కకు తప్పుకుంటాను.

కావాలనే తొమ్మిది గంటల బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. గంట ప్రయాణం. ఆదోని బస్టాండు నుంచి ఆటోకు ఇరవై రూపాయలు.

"మెల్లగా పోనీ నాయనా" అన్నాను.

"అందరూ తొందరగా పొమ్మంటారు, నువ్వేందవ్వా ఎద్దులబండి మాదిరి పొమ్మంటావు?" అని నవ్వాడు డ్రైవరు.

ఈపాటికి ఎవరో ఒకరు కొనే ఉంటారనుకున్నాను. సంతలో అడుగుపెట్టగానే నాగవేణి స్నేహితురాలు షబానా ఎదురొచ్చింది.

"యాడ పోయినావవ్వా? నువ్వొచ్చేదాకా ఒక్క సంచి గూడా అమ్మదంట ఈ మహాతల్లి! వచ్చినోళ్ళను వచ్చినట్టే పంపిస్తాంది."

"నా చెయ్యి వద్దు పాపా" అన్నాను నాగవేణితో.

"రోజూ నీ చేతి ముద్ద తినే కాలేజీకి వస్తాండాను. ఎప్పుడన్నా ఫెయిలైనానా?"

కాదనలేక డబ్బిచ్చి ఒక సంచి తీసుకున్నాను. మధ్యాహ్నానికి, నా తర్వాత కొన్నవాళ్ళలో ఒకాయన జిప్పు ఊడిన సంచి వెనక్కి తెచ్చాడు. తర్వాత ఇంకొకామె. అంతా నా చేతి వల్లే అనుకున్నాను.

సాయంత్రం సార్లు పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పమంటారు. నష్టం వచ్చిందని తిట్టరు, మార్కులు కోయరు. నాగవేణి లేచింది.

"జిప్పులు సవకవి తెచ్చినాను. కుట్టేముందు లాగి సూడలేదు."

"వచ్చే సంతకు ఏం మారుస్తావమ్మా?" అని మాత్రమే అడిగాడు సారు.

"గుండీలు పెడతాను సార్."

ఎవరూ నా వైపు చూడలేదు. ఇన్నేళ్ళూ ఏది చెడినా ముందు నా చేతినే అనుమానించుకున్నాను. జిప్పు సంగతి అడగాలని నాకు తోచనేలేదు. పిల్లలకు అక్కడ నేర్పుతున్నది వ్యాపారమొక్కటే కాదనిపించింది.

మీరూ మీ పిల్లల సంతకు పోతే పదిలోపే చేరండి, మీకోసం బేరాలు ఆపుకొని కూర్చుంటారు. నేను మళ్ళీ సంతకు పోయేది శ్రావణం తొలి సోమవారం ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనం చేసుకున్నాక, మర్నాడు మంగళవారం. ఈసారి ఏడు గంటల బస్సుకే.