పడమటి కొసన మొదటి రేకు

మా తమ్ముడు పోయిన సంగతి చాలామందికి ఆలస్యంగా తెలిసింది. ఆషాఢం గాలికి లేస్తున్న రేకు మీద రాయి పెట్టబోయి పైనుంచి పడ్డాడు. మూడోనాడు అనంతపురం ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ రేకులు నా గదివి. అది చెప్పుకోవాలనే రాస్తున్నాను.

మా ఇంట్లో పెద్దదాన్ని నేను. భర్త చనిపోయాక ముదిగుబ్బ దగ్గరున్న మా ఊరికి, తమ్ముడింటికే వచ్చేశాను. నా దేవుడి పటాలు వంటింటి గూట్లో పొగచూరుతుంటే వాడికి మనసొప్పలేదు. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు, చేలో పనిలేక, ఇంటికి ఉత్తరాన తనే గోడలు లేపాడు. వేప దూలాలు తనే చెక్కాడు. మేకులు పెదవుల మధ్య పెట్టుకుని నోటి మూలనుంచి మాట్లాడేవాడు. ఒక్కొక్క రేకుకూ కిందనే బెజ్జాలు వేసి, అడుగున సుద్దముక్కతో నంబరు రాసుకున్నాడు.

రేకులు కప్పేనాడు నిచ్చెన తూర్పు కొసకు ఆనించాడు. నేను ఆపాను. మా ఇంట ఏ కట్టుబడైనా నైరుతి మూలనే మొదలు. నాయన అట్లే చేసేవాడు.

“నైరుతి నుంచి కప్పు నాయనా. దేవుడుండే గది.”

“గోడకు నైరుతి చూసినాం గదక్కా. రేకుకు గాలి చూడల్ల. మనకు వచ్చేది పడమటి గాలి. ఆడనుంచి కప్పితే రేకు మీద రేకు ఎక్కినచోట సందు గాలికే తెరుసుకుంటాది.”

“దేవుడు చూసుకుంటాడులే.”

“దేవుడు పైకెక్కి రేకు పట్టుకుంటాడా?” అని నవ్వాడు.

నేను నవ్వలేదు. వాడు పాత నంబర్లు కొట్టేసి కొత్తవి రాసి, నిచ్చెన భుజాన వేసుకుని పడమటికి నడిచాడు.

“ఏమప్పా, మీ యక్క చెప్తే రేకులు తలకిందులుగా గూడా కప్పుతావే!” అంది మరదలు.

“అక్క మనసు బాగుండల్లమ్మే. గాలి సంగతి నేను చూసుకుంటాలే.”

ప్రతి ఆషాఢమూ చూసుకున్నాడు. గాలి లేవగానే రేకు టపటపా కొట్టుకునేది. కింద నేను జపంలో ఉంటే పైన వాడి అడుగులు, రాయి జరిపిన చప్పుడు. దిగివచ్చి, “నువ్వు లేవద్దక్కా, అయిపాయ” అనేవాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కర్మ అయ్యాక మరదలు నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

“ఆ రేకులు పీకించు వదినా. ఆ చప్పుడు నేను ఇనలేను.”

ఊళ్లో మేస్త్రీని పిలిపించాను. అన్నీ దింపి తూర్పునుంచి కప్పమన్నాను. అతను ఒక రేకు తిప్పి చూశాడు.

“ఏమ్మా, ఒక్కో రేకుకు రెండు నంబర్లుండాయి. ఒగటి కొట్టేసి పక్కన ఇంగోటి రాసినాడు. దేన్ని చూడల్ల?”

“కొట్టేసిన దాన్నే చూడు నాయనా.”

ఇప్పుడు గాలి వస్తుంది, పోతుంది. రేకు కదలదు. దీపం వెలిగించి తలెత్తితే, తూర్పు కొసన, అడ్డంగా గీత పడిన వాడి ఒకటో నంబరు కనబడుతుంది.