ఉలవల మీద ఆగని ఆటో

డ్రైవరు బ్రేకు తొక్కాడు, ఆటో ఆగలేదు. ఎదురుగా రోడ్డు మీద ఉలవ మొక్కల్ని కర్రతో తిరగేస్తున్న ముసలమ్మ. వెనక సీట్లో నేను పిల్లలిద్దర్నీ గట్టిగా పట్టుకున్నాను. చక్రాలు బిగుసుకున్నా బండి ముందుకే జారి, ఆమె కుచ్చిళ్లకు జానెడు దూరంలో నిలిచింది.

ఆదివారం ఏడింటికి పిల్లలిద్దరితో విజయనగరంలో బస్సెక్కాను. నరసన్నపేటలో ఇడ్లీ తిని, పిన్ని ఊరికి షేర్ ఆటో పట్టాం. ఈ కోతల రోజుల్లో అటు వెళ్లేవారు గమనించాలి: కోసి ఎండబెట్టిన ఉలవ మొక్కల్ని రోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది.

"కళ్లు నెత్తినెట్టుకున్నావేటిరా?" ముసలమ్మ కర్ర ఎత్తింది.

"బేకు తొక్కినాను మామ్మా! నీ ఉలవలే జారిపోతన్నాయి."

"ఉలవల్ని తొక్కమన్నాను గానీ నన్ను తొక్కమన్నానేటి?"

ఆటోలో అందరూ నవ్వారు. మా పాప మాత్రం నా చెయ్యి వదల్లేదు.

పిన్ని ఇంట్లో అన్నం సయించలేదు. సాయంత్రం మళ్లీ అదే రోడ్డు, అదే ఆటో. డిగ్రీలో చేసిన లెక్క గుర్తు తెచ్చుకుని పాత క్యాలెండరు వెనక వేశాను. చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను. అంతవరకు బండి అదే జోరున పోతుంది. ఆ తర్వాత జారే దూరం, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో, పొడి తారు మీద మొత్తం ఇరవై మీటర్లు. ఉలవల మీద చక్రాలకు పట్టెంతో నాకు తెలియదు. తారు మీది పట్టులో సగమనుకుంటే ముప్ఫై మీటర్లకు దగ్గర. అదే ఇరవై వేగమైతే, ఆ జారుడులోనూ పది మీటర్లలో ఆగుతుంది.

నాలుగున్నరకు ఆటో వచ్చింది. "ఉలవలున్నచోట ఇరవై దాటొద్దు బాబూ," అన్నాను.

ఖాళీ చేపల గంపతో కూర్చున్నావిడ విసుక్కుంది. "ఏటమ్మా, పెళ్లికూతుర్ని ఊరేగిస్తన్నామా? నా బస్సెల్లిపోద్ది."

డ్రైవరు నవ్వి జోరు పెంచాడు. "అయితే ఆపు, మేం నడిచి వస్తాం," అంటూ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాను.

"కూకో తల్లీ, మెల్లగానే ఎల్తాను."

మలుపు తిరగగానే అదే ముసలమ్మ, మాకు వీపు పెట్టి, వంగి ఉలవలు ఎత్తుతోంది. బ్రేకు పడింది. ఆటో కాస్త జారి, ఆమెకు చాలా ఇవతల ఆగింది. ఆమె తల కూడా ఎత్తలేదు.

చేపలావిడ గంప గట్టిగా పట్టుకుంది. "ఒరే, ఇంకా మెల్లగా ఎల్రా."

విజయనగరం బస్సులో పిల్లలు నిద్రపోయారు. ముందు పోతున్న లారీకీ మాకూ మధ్య జాగానే చూస్తూ కూర్చున్నాను నేను.

మర్నాడు బడికి బయల్దేరుతూ పాప అడిగింది: "ఆటో అంకుల్ మామ్మను చూశాడు కదమ్మా, మరి ఎందుకు ఆగలేదు?"

ఇద్దర్నీ మా గేటు దగ్గర నిలబెట్టి, వీధిలో ఇరవై మీటర్ల అవతలున్న పిండిమిల్లు మెట్లు చూపించాను.

"బండి ఇక్కడుండగా బండాయన మిమ్మల్ని చూస్తే, ఆగేది అక్కడ. అది కూడా రోడ్డు బాగుంటేనే. చూశాడు కదా అని దాటకండి. ఆగాక దాటండి."