మలుపులో దిగిన గీత

ఇంజనీరింగ్ చదివే ఆ రోజుల్లో నేను మాట్లాడాల్సినవన్నీ డైరీలో రాసుకుని, బయట మాత్రం తలూపి ఊరుకునేదాన్ని. అలాంటి నన్ను మా కాలేజీ రేసు కారు జట్టు మాట్లాడే పనిలోనే పెట్టింది. (లాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చోగలిగేది నేనొక్కదాన్నేనట.) రాజమండ్రి శివార్లలో కాలేజీ మాది. బైకు ఇంజను పెట్టి కట్టుకున్న కారు, ఒక్కరే పడతారు. దానికో జబ్బుండేది. వేగంగా మలుపు తిరిగితే ట్యాంకులో పెట్రోలంతా ఒక పక్కకి పోయి, పంపు గాలి పీల్చేది; ఫ్యూయల్ ప్రెషర్ పడిపోయేది. ఆ క్షణాన యాక్సిలరేటర్ వదలకపోతే, చాలినంత పెట్రోలు అందక ఇంజను వేడెక్కి పిస్టనే కరిగిపోవచ్చు. ఉన్నది ఆ ఒక్క ఇంజనే. అది పోతే కాలేజీల రేసు పోటీకి వెళ్ళడం ఉండదు. కారు నడిపే మా కెప్టెన్ అన్నయ్యకి అదే ఆఖరి సంవత్సరం. లాప్‌టాప్‌లో ప్రెషర్ గీత చూస్తూ, అది దిగగానే ఫోన్లో ఆయన హెల్మెట్‌లోకి చెప్పడం నా పని.

మాది కొట్టున్న కుటుంబం. ఎవరొచ్చినా ముందు కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగాకే ఏం కావాలో అడగాలని నాన్న నేర్పారు. మొదటిసారి గీత దిగినప్పుడు నేను, "అన్నయ్యా, వినిపిస్తోందాండీ? ఏమీ అనుకోకండి, ఒక్క విషయం..." అనేసరికి కారు మలుపు దాటేసింది, గీత మళ్ళీ పైకొచ్చేసింది. ఆయన కారు దిగి, హెల్మెట్ తీసి, చాలా శాంతంగా అన్నారు: "అమ్మా, నువ్వు శుభలేఖ ఇవ్వడానికి రాలేదు. తగ్గింది అను, చాలు." ఆ ఒక్క మాటా అద్దం ముందు సాధన చేశాను. (అద్దంలో మనిషి దగ్గర కూడా మొహమాటమే.)

తరవాత పంపు ఎప్పుడూ పెట్రోల్లో మునిగుండేలా మధ్యలో ఒక చిన్న ట్యాంకు బిగించారు. పెద్ద ట్యాంకులో పెట్రోలు ఎటు ఒరిగినా ఇది నిండుగానే ఉండాలి. ప్రిన్సిపాల్ గారు చూసి సరేనంటేనే పోటీకి పంపుతారు. ఆయనొచ్చి సరిగ్గా నా కుర్చీ పక్కనే నిలబడ్డారు. కారు మలుపులు తిరుగుతోంది, గీత బల్లపరుపుగా ఉంది. ఆయనకి ముచ్చటేసి మాది ఏ ఊరని అడిగారు. పెద్దవాళ్ళడిగితే లేచి చెప్పాలి కదా, లేచి నిలబడి తణుకండి అన్నాను. తణుకులో ఎక్కడని అడిగారు. అప్పుడే, పొడవాటి మలుపులో, గీత దిగడం మొదలెట్టింది. ఆగకుండా దిగుతోంది.

"మీరు కాసేపు ఊరుకోండి సార్" అన్నాను. ఆ గొంతు నాదేనని నాకే తెలియలేదు. వెంటనే ఫోన్లోకి, "తగ్గింది. తగ్గింది. వదిలెయ్." (కెప్టెన్ అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద.)

ఇంజను చప్పుడు సన్నబడింది. కారు మెల్లగా వచ్చి ఆగింది. చూస్తే చిన్న ట్యాంకుకి పెట్రోలు తెచ్చే గొట్టం సీటు కింద నలిగిపోయి ఉంది. ఇంజను క్షేమం. గొట్టం మార్చి మళ్ళీ తిప్పారు. ఈసారి గీత కదల్లేదు. అంతసేపూ ప్రిన్సిపాల్ గారు నోరు మెదపలేదు. కోపమొచ్చిందని, పోటీ సంగతి ఇక మర్చిపోవచ్చని మేమంతా తలలు దించుకున్నాం. కారు ఆగాక ఆయన నా వైపు వంగి, మెల్లగా అడిగారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చామ్మా?"

తలూపాను. పోటీకి వెళ్ళి రమ్మన్నారు.

ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లో నేను "ఏమీ అనుకోకండి" దగ్గరుండగానే అవతల నిర్ణయాలైపోతుంటాయి. అలా అయిన ప్రతిసారీ, ఆవేళ ప్రిన్సిపాల్ గారిని ఊరుకోమన్న అమ్మాయి గుర్తొస్తుంది. తనని ఒకసారి పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. ముందు మంచినీళ్ళిచ్చి, ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగి.