సన్, రన్, గన్

సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. నర్మెట్ట రోడ్డు మీద, జనగామకు మూడు మైళ్ల ఇవతల మా ఊరు. దారిలో మిలిటరీ క్యాంపు పెట్టి, వచ్చేపోయేవాళ్ల సంచులు వెతికేవారు. నేనూ నా దోస్తూ ఆ దారినే జనగామ బడికి నడిచేవాళ్లం. మా నాన్న పట్వారి. వాడి నాన్న కూలి మనిషి. ఆ ఇంట్లో బడి గడప తొక్కింది వాడొక్కడే.

ఇంగ్లీషు సారు మా ఇద్దరికీ కలిపి ఒక పని ఇచ్చారు. ‘సన్’తో ప్రాస కుదిరే మాటలు రెండు వెతికి, అర్థాలు రాయాలి. చెవికి తోచిన మాట చెప్పడం నా వంతు. సారు ఇచ్చిన డిక్షనరీలో చూసి అర్థం రాయడం వాడి వంతు. రన్ అయింది. గన్ అన్నాను.

అర్థం చూసి వాడు ఆగిపోయాడు. “గిది వద్దురా. తొవ్వల మిలిటరోళ్లున్నరు. బన్ రాద్దాం, స్టేషన్ కాడ అమ్ముతరు సూడు, గది.”

“బన్ను ఎవడైనా జెప్తడు. గన్నే రాయి.”

రాశాడు. ఆ సాయంత్రమే వాడి సంచి విప్పారు. మిలిటరీ వెంట ఉండే తెలుగు మనిషి కాగితం పైకి చదివాడు. సూర్యుడు, పరుగెత్తు, తుపాకి.

“పొద్దుగాల తుపాకులు పట్కొని ఉరుకుమని కబురా? ఎవడు జెప్పిండ్రా?”

దోస్తు నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

“నేనే రాసిన,” అన్నాడు వాడు. అది నిజమే. రాసింది వాడే.

“నువ్వు పట్వారి కొడుకువు గద, ఇంటికి పో,” అన్నాడా మనిషి. పోయాను. ఇంట్లో కూడా ఏమీ చెప్పలేదు. నాన్న ఒక్క మాట అంటే వదిలేసేవారేమో. మర్నాడు వేరే కాగితం మీద గన్ బదులు బన్ రాసి సారుకిచ్చాను.

మూడో రోజు క్యాంపు నుంచి వాడిని వదిలారని తెలిసి వాళ్లింటికి వెళ్లాను. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. గుమ్మంలోనే నేను అడిగిన మొదటి మాట, “నా పేరు జెప్పినవా?”

“లే. సారు మార్కులేసిండా?”

“పదికి పది.”

“ఏం మాటలు రాసినవ్?”

చెప్పాను. వాడు నవ్వాడు. “బన్ అని గప్పుడే జెప్తి గదరా.”

లోపలి నుంచి వాళ్ల నాయిన, రేపటి నుంచి కూలికి రమ్మని వాడిని పిలిచాడు. బడి సంగతి వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.