యారాలు అన్నం మానేసిన ఎండకాలం

రాయి బిడ్డా, నేను ఎట్ల చెప్తే అట్లనే రాయి, సక్కగ దిద్దకు.

పైసలతోని సుఖం రాదని టీవీల పెద్దమనుషులు చెప్తరు గద, వాళ్లెవ్వరు బోరింగు కొట్టి బిందెలు మొయ్యలే. నేను మోసిన. నార్సింగిల మా పొలం ఉన్న జాగల ఇప్పుడు పెద్ద బిల్డింగు లేసింది. భూమి ఇచ్చినందుకు మాకు అండ్లనే ఫ్లాట్లు వచ్చినయి. తిప్పితే నల్లా, ఇంట్లనే బాత్రూము. నా మోకాళ్లు అరిగిపోతే దవాఖానల కొత్తయి ఏసిండ్రు, ఎనుకటి లెక్కనైతే మంచం పట్టి ఉందును. అందుకే నేను పైసలను తిట్టను. సుఖం వచ్చింది, నిజంగనే వచ్చింది.

గాని మా యారాలు సంగతి విను. యారాలంటే మీ తాత అన్న పెండ్లాం, నేను అక్కా అంట. పాతింట్ల మా ఇద్దరికి ఒకటే పొయ్యి. మొగోళ్లు, పిల్లలు తిన్నంక ఆ పొయ్యి కాడనే ఇద్దరం కూసోని తింటుంటిమి. ఆమె నన్ను తిట్టకుండ తిన్న పూట లేదు. అన్నం పలుకైందంటది, ఉప్పు ఎక్కువైందంటది. నేను ఊకుంటనా? నువ్వు చేసిన పప్పు బర్రెలు గూడ ముట్టవంటుంటి.

ఫ్లాట్లకు వచ్చినంక ఎవరి వంటిల్లు వాళ్లది. ఆమె పైన, మేము కింద. అబద్ధమెందుకు, ఇగ పోరు తప్పిందని ఖుషీ అయిన.

పోయిన ఎండకాలం ఆమెకు తిండి తగ్గింది. రెండు మెతుకులు కెలికి కంచం పక్కకు పెడ్తుండె. చెంపలు లోపలికి పోయినయి. కొడుకు పరేషాన్ అయిండు. అన్ని పరీక్షలు చేయించిండు, ఏ రోగం లేదన్నరు. వంటామెను పెట్టిండు. గోడంత టీవీ కొన్నడు. కాళ్లు ఒత్తే కుర్చీ తెచ్చిండు, ఆమె దాని మీద బట్టలు ఆరేసుకునేది. ఆఖరికి డాక్టరు, ఇట్లనే ఉంటె పాణానికే ముప్పు, దవాఖానల చేర్చి గొట్టం ఏసి తినిపియ్యాలె అన్నడు. కొడుకు నా దగ్గరికొచ్చి ఏడ్సిండు.

"చిన్నమ్మా, నేనేం తక్కువ చేసిన?"

"నువ్వేం తక్కువ చెయ్యలే బిడ్డా. రేపు ఒక్కపూట వంటామెను రావద్దను."

తెల్లారి నేను పచ్చిపులుసు చేసిన. కావాల్నని పాడుచేసిన. నువ్వుల పొడి ఎయ్యలే, మిరపకాయలు కాల్చలే, చింతపండు ఊకె నీళ్లల్ల పిసికి ఇడ్సిన. రెండు కంచాలల్ల అన్నం పెట్టి, పులుసు పోసి, పట్టుకోని లిఫ్టు ఎక్కిన. నా చేతులు ఖాళీ లేవని ఒక సాఫ్ట్‌వేర్ పిల్ల నవ్వుకుంట బటన్ ఒత్తింది.

మా యారాలు గోడకు ఒరిగి కింద కూసుంది. నా కొత్త మోకాళ్లు కిందికి వంగయి, స్టూలు గుంజుకున్న.

"తిను అక్కా."

"ఆకలి లేదు."

"నీ ఇష్టం. నేనైతే తింట."

జుర్రుకుంట తినవట్టిన. ఆమె ఇటు దిక్కు చూడనన్నా చూడలే. ఇది గూడ పని చెయ్యకపోతే ఎట్లనని అనుకుంటనే ఇంకో ముద్ద కలిపిన. జరసేపటికి ఏలు పులుసుల ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఏందే ఇది?"

"పచ్చిపులుసు."

"గిన్నెలు కడిగిన నీళ్లు తెచ్చి పచ్చిపులుసు అంటవా? నువ్వులేవి?"

"మర్చిపోయిన."

"నిన్ను కన్నప్పుడే మీ అమ్మ బుద్ధి పెట్టుడు మర్చిపోయింది. నువ్వులు ఏయించుడు ఎంతసేపు పని?"

నాకు పాణం లేసొచ్చింది. "చేతనైతే నువ్వు చెయ్యి. కుర్చీ మీద బట్టలు ఆరేసుడు కాదు" అన్న.

గోడ పట్టుకోని లేసింది. తన వంటింట్ల నువ్వులు ఎక్కడున్నయో ఆమెకే తెల్వదు. డబ్బాలన్ని తీసింది, వంటామెను తిట్టింది, నన్ను తిట్టింది, మిరపకాయలు గ్యాసు మీద కాల్చింది. ఆ ఘాటుకు ఇద్దరం దగ్గినం. పులుసు ముందు నాకు పోసి, తర్వాత తనకు పోసుకుంది. తిట్టుకుంటనే కంచం సాంతం తిన్నది. నేను ఊకుంటె ఆమె చెయ్యి ఆగిపోతదేమోనని మాటకు మాట అంటనే ఉన్న.

ఆనాటి సంది రోజూ కలిసి తినవట్టినం, దవాఖానల చేర్చుడు తప్పింది. ఇల్లు తీసుకున్నప్పుడు నీళ్లు, లిఫ్టు, గాలి, వెలుతురు అన్ని అడిగి చూసుకున్నరు మావోళ్లు. ఈమె ఎవరితోని కూసోని తింటదని ఒక్కరు అడగలే, నేను గూడ అడగలే. పైసలు చేసే పని అవి చేసినయి, వాటిని అనుడెందుకు? సోయి తప్పి చూసుకోనిది మేము.

ఇప్పుడు పగటన్నం ఒకనాడు ఆమె ఇంట్ల, ఒకనాడు మా ఇంట్ల. రేపు ఆమె చామగడ్డ పులుసు చేస్తదంట. ఎంత మంచిగ చేసినా సరే, గొంతు దురద పెడ్తుందనే నేనంట.